సబఖ్ డైరీ పక్కన మరొక పుస్తకం

గడచిన జూన్‌లో మాకు తెలిసిన ఒక కుటుంబం తమ పదమూడేళ్ళ కుమారుణ్ణి వెంటబెట్టుకుని మండల కేంద్రంలోని ఒక ఉన్నత పాఠశాలకు వెళ్ళింది. మాలో ఇద్దరం తోడుగా వెళ్ళాము. అబ్బాయి హిఫ్జ్ పూర్తి చేసి ఏడాది కూడా కాలేదు. దస్తార్‌బందీ నాడు మసీదులో పెద్దలందరూ అతని తల నిమిరి దీవించారు. ఆ తలపాగా ఇంట్లో ఇప్పటికీ గోడకున్న మేకుకు వేలాడుతూనే ఉంది.

ప్రధానోపాధ్యాయుడు మర్యాదస్తుడే. కూర్చోబెట్టి మాట్లాడాడు. ఏ తరగతి వరకు చదివాడని అడిగాడు. మూడు వరకు బడిలో, ఆ తర్వాత నాలుగేళ్ళు మదరసాలో అని తండ్రి చెప్పాడు. మరి లెక్కలు, తెలుగు? సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా వాళ్ళమ్మ నేర్పేదన్నాడు. దానికి కాగితమేమైనా ఉందా? తండ్రి కాసేపు ఆలోచించి, సంచిలోంచి కుమారుడి హిఫ్జ్ డైరీ తీసి బల్ల మీద పెట్టాడు. ప్రధానోపాధ్యాయుడికి ఉర్దూ రాదు. అయినా పుటలు తిప్పి చూశాడు. తేదీలు, గడులు, సంతకాలు, ఎర్రసిరా గుర్తులు చూసి, "ఎంత పద్ధతిగా రాశారండీ, లెక్కలకూ ఇలాంటిదొకటి ఉండి ఉంటే నాకు తేలికయ్యేది" అన్నాడు.

చివరికి తాత్కాలికమంటూ అబ్బాయిని, ఊళ్ళోనే ఉన్న ప్రాథమిక పాఠశాలలో అయిదో తరగతికి పంపారు. తనకన్నా మూడేళ్ళు చిన్నవాళ్ళ నడుమ రెండు వారాలు కూర్చున్నాడు. మూడో వారం వెళ్ళలేదు. ఇప్పుడు మేనమామ నడిపే మెకానిక్ షాపులో పనిచేస్తున్నాడు.

ఈ ఉదంతంలో తప్పు ఎవరిదన్న చర్చ మనవాళ్ళు ఇట్టే మొదలుపెడతారు. కొందరు బడిని తిడతారు, కొందరు మదరసాను. మమ్మల్ని ఎక్కువగా కలచివేసింది మాత్రం ఆ తల్లి చెప్పిన మాట. నాలుగేళ్ళు ఆమె కొడుక్కి కూడికలు, తీసివేతలు, గుణకారాలు, ఒత్తులు, గుణింతాలు అన్నీ పలక మీదనే నేర్పిందట. రాసినది రాసినట్టే తుడిచేసింది. చదువు చెప్పలేదని ఆమెను ఎవరు అనగలరు? కానీ చెప్పినట్టు చూపడానికి ఆమె వద్ద ఒక్క గీత మిగలలేదు.

బడి వెలుపల సాగే చదువు మన సమాజంలో తక్కువేమీ కాదు. దాన్ని మనం 'హోమ్ స్కూలింగ్' అనే పేరుతో పిలుచుకోము, అంతే. ఆ పేరు నగరాల్లో కలిగిన కుటుంబాలకు చెందినట్టుగా స్థిరపడిపోయింది. హిఫ్జ్ కోసం మూడు, నాలుగేళ్ళు బడి మానిన పిల్లలు, ఎనిమిదో తరగతి తర్వాత దూరాభారమనో మరొకటో చెప్పి ఇంట ఉంచిన ఆడపిల్లలు, జబ్బుపడి మంచాన ఉన్నవారు, తండ్రి పని కోసం ఊళ్ళు మారుతుంటే వెంట తిరిగే పిల్లలు, వీరంతా ఏదో ఒక మేరకు ఇంటి చదువు చదువుతున్నవారే. 2006 నవంబరులో సమర్పించిన సచార్ కమిటీ నివేదిక, బడి వయసు ముస్లిం పిల్లల్లో మదరసాలకు వెళ్ళేవారు కేవలం 3 శాతమని తేల్చింది. అదే నివేదిక 6 నుంచి 14 ఏళ్ళ మధ్య ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని చెప్పింది. మొదటి అంకె మీద దేశమంతా వాదులాడుకుంది. రెండో అంకె ఎవరి నిద్రనూ చెడగొట్టినట్టు లేదు. ఆ లెక్కకు ఇరవై ఏళ్ళు కావస్తున్నా, ఇంట ఉండిపోయిన పిల్లవాడు ఏమి నేర్చాడో చెప్పే పత్రం ఈనాటికీ లేదు.

చట్టం ఏమంటోందో చూద్దాం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం, ఆరేళ్ళు దాటినా బడిలో చేరని లేదా మధ్యలో మానేసిన బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. తోటివారితో సమానంగా రావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పద్నాలుగేళ్ళు నిండినా ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా ఉచితంగా చదివించాలి. 5వ సెక్షన్ ప్రకారం, బదిలీ పత్రం తేవడంలో జాప్యమైందని చేర్చుకోవడం ఆపరాదు. 14వ సెక్షన్ ప్రకారం, వయసు ధ్రువపత్రం లేదని తిప్పి పంపరాదు. అంటే పైన చెప్పిన అబ్బాయిని అయిదో తరగతికి పంపడం చట్టసమ్మతం కాదు. అతని వయసుకు తగిన తరగతి ఎనిమిది. ఆ సంగతి ఆనాడు ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు. మాకూ రాలేదని సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాము. ఇంటికి వచ్చాక చట్టప్రతి తీసి చదువుకున్నాము.

చట్టం తెలిసినంత మాత్రాన సమస్య తీరేదా అంటే, పూర్తిగా తీరదు. ఎనిమిదో తరగతిలో చేర్చుకున్నా ప్రత్యేక శిక్షణ ఎక్కడ మొదలుపెట్టాలి? భాగహారం వచ్చా, భిన్నాలు వచ్చా, తెలుగు పేరా ఒకటి తడబడకుండా చదవగలడా? మొదటి వారంలోనే ఉపాధ్యాయుడికి ఈ సమాధానాలు కావాలి. అవి దొరకనప్పుడు అతను అట్టడుగు మెట్టు మీద నిలబెట్టడమే క్షేమమని భావిస్తాడు. ఏ పత్రమూ లేని బిడ్డకు ఏమీ రాదనే లెక్క కడతారు. నాలుగేళ్ళ శ్రమ నాలుగు నిమిషాల్లో సున్నా అయ్యేది ఇక్కడే.

ఇంకొక చిక్కు కూడా ఉంది. మదరసాలకు, వేదపాఠశాలలకు, ప్రధానంగా మతబోధ చేసే సంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2012 నాటి సవరణ స్పష్టం చేసింది. మన సంఘాలు కోరి సాధించుకున్న రక్షణ అది. అవసరమైనదే. అయితే రక్షణ దొరికింది సంస్థకు. చట్టం కింద నడిచే బడిలో ఎనిమిదో తరగతి ముగించిన ప్రతి బిడ్డకు ధ్రువపత్రం ఇవ్వాలని 30వ సెక్షన్ చెబుతోంది. మినహాయింపు పొందిన సంస్థలో ఉన్న బిడ్డకు అలాంటి హామీ ఏదీ లేదు. ఆ లోటు పూడ్చే బాధ్యత మినహాయింపు కోరినవారిదే కదా! అది నెరవేర్చామా అని ప్రతి మదరసా కమిటీ తనను తాను ప్రశ్నించుకోవలసి ఉంది. సంవత్సరాంతాన ఏ బిడ్డకు ఏ విషయంలో ఎంత వచ్చిందో ఒక కాగితం రాసి సంతకం చేసి ఇవ్వడానికి ప్రభుత్వ అనుమతి అక్కరలేదు.

పురోగతిని నమోదు చేయడం మనకు కొత్త విద్య కాదు. ఆ మాటకు వస్తే మనకన్నా నిశితంగా చేసేవారు అరుదు. హిఫ్జ్ డైరీ ఎలా ఉంటుందో తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ప్రతి రోజుకూ ఒక వరుస ఉంటుంది. ఆ రోజు కొత్తగా కంఠస్థం చేసినది సబఖ్. ప్రస్తుతం నడుస్తున్న పారాలో ఇటీవలి రోజుల్లో నేర్చినది సబఖ్ పారా. అంతకుముందే పూర్తయిన పారాల పునశ్చరణ ఆమూఖ్తా. ప్రతి గడిలో ఎక్కడి నుంచి ఎక్కడి వరకు, ఎన్ని తప్పులు, ఎన్నిచోట్ల ఆగాడు అని రాసి ఉస్తాద్ సంతకం పెడతారు. నెలలో ఒకసారి తండ్రి కూడా సంతకం పెట్టాలి. ముప్పై పారాల ఆ ప్రయాణంలో ఏ రోజు ఏ మలుపు దగ్గర తడబడ్డాడో మూడేళ్ళ తర్వాత కూడా వేలు పెట్టి చూపవచ్చు. నేర్చినది మరుగున పడకుండా పాతదాన్ని రోజూ తిరగేయించే ఆ ఆమూఖ్తా పద్ధతి ఏ గణితోపాధ్యాయుడైనా ముచ్చటపడేంత బాగుంటుంది.

దీని వెనుక పెద్ద సంప్రదాయమే ఉంది. ఎవరి వద్ద ఏ గ్రంథం చదివాడో, ఆ గురువు ఎవరి వద్ద చదివాడో పరంపర రాసి ఇచ్చే ఇజాజా, సనద్‌లు మన పూర్వీకుల పట్టాలు. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, సూరా బఖరాలోని 282వది, నమాజు గురించో రోజా గురించో కాదు. అప్పును గడువుతో సహా రాసుకోవడం, సాక్షులను పెట్టుకోవడం గురించి. నాలుగు రూపాయల బాకీకే ఇంత జాగ్రత్త నేర్పిన ధర్మంలో పుట్టి, బిడ్డ నాలుగేళ్ళ చదువును మనం నోటి లెక్కగా వదిలేస్తున్నాము. అక్షరాలు నేర్పిన బద్ర్ ఖైదీల వృత్తాంతం వినిపించని విద్యా సదస్సు మేము చూడలేదు. ఆ సదస్సు నుంచి ఇంటికి వెళ్ళి బిడ్డ నోటుపుస్తకం మీద తేదీ వేసినవారిని మాత్రం తక్కువగానే చూశాము.

కనుక మేము అడుగుతున్నది చిన్న కోరిక. సబఖ్ డైరీ పక్కన మరొక పుస్తకం ఉండాలి. ఒక లాంగ్ నోటుబుక్ చాలు. మొదటి పుటలో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, బడి మానిన తరగతి, మానిన తేదీ. ఆపైన వారానికి ఒక పుట. ఏ పాఠం చెప్పాము, ఎంతసేపు, ఏది వచ్చింది, ఏది రాలేదు. పాఠ్యపుస్తకం కోసం తడుముకోనవసరం లేదు. రెండు రాష్ట్రాల ప్రభుత్వ బడుల పుస్తకాలు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉన్నాయి, ఫోనులో ఉచితంగా దింపుకోవచ్చు. బిడ్డ వయసుకు తగిన తరగతి పుస్తకం ఒకటి, వాస్తవంగా చదవగలిగిన తరగతి పుస్తకం ఒకటి దగ్గర ఉంచుకుంటే వాటి మధ్య దూరం ఏడాదికేడాది తగ్గుతున్నదో లేదో తెలుస్తుంది. నెలకు ఒకసారి బిడ్డ తన చేతిరాతతో ఒక పేరా, పది లెక్కలు ఆ పుస్తకంలోనే చేయాలి. తప్పులు దిద్దండి, కానీ రబ్బరుతో చెరపకండి. ఆగస్టులో తప్పిన లెక్క నవంబరులో సరైనదంటే అదే పురోగతి. తప్పును తుడిచేస్తే పురోగతికి సాక్ష్యం కూడా పోతుంది. మూడు నెలలకొకసారి బిడ్డ గట్టిగా చదువుతున్నప్పుడు ఫోనులో రెండు నిమిషాలు రికార్డు చేసి దాచండి.

తల్లికి చదువు రాకపోతే? ఆ సందేహం సహజం. పాఠం చెప్పడానికి పక్కింటి ఇంటర్ చదివే అమ్మాయి చాలు. తేదీ వేయడానికి, పుస్తకం పదిలంగా ఉంచడానికి తల్లికి అక్షరజ్ఞానం అవసరమే లేదు. మొహల్లాలో ఉండే ప్రభుత్వ ఉపాధ్యాయుడినో, విశ్రాంత ఉపాధ్యాయురాలినో మూడు నెలలకొకసారి ఆ పుస్తకం చూసి, బిడ్డను నాలుగు ప్రశ్నలడిగి, ఒక వాక్యం రాసి సంతకం పెట్టమని కోరవచ్చు. ఇంటివారు కాని మనిషి సాక్ష్యానికి విలువ ఎక్కువ.

ఇక పేరు సంగతి. ఇది చిన్న విషయంగా కనిపించి పెద్ద నష్టం చేసేది. ఒకే బిడ్డ జనన పత్రంలో షేక్ మహబూబ్ బాషా, ఆధార్‌లో మహబూబ్ బాషా షేక్, మదరసా రిజిస్టరులో ముహమ్మద్ మహబూబ్, మూడో తరగతి బడి రికార్డులో ఎస్‌.కె. బాషా. నలుగురూ ఒకరేనని నిరూపించుకోవడానికి ఆ తండ్రి ఎన్ని రోజుల కూలి పోగొట్టుకోవాలో తిరిగినవారికే తెలుసు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి బడిలో చేరడం మొదలు అన్నింటికీ జనన పత్రమే పుట్టిన తేదీకి ఆధారమని చట్టాన్ని సవరించారు. ఇంట్లో పసిబిడ్డలున్నవారు ఆ పత్రంలోని ప్రతి అక్షరాన్నీ ఇప్పుడే సరిచూసుకోవాలి. పెద్దపిల్లల విషయంలో ఏదో ఒక రూపాన్ని స్థిరపరచుకుని, ఇంటి పుస్తకంలోనూ మదరసా రిజిస్టరులోనూ దాన్నే రాయించండి.

ఈ పుస్తకం చివరికి ఏ గడప దగ్గర ఉపయోగపడుతుంది? బడిలో తిరిగి చేరేటప్పుడు తరగతి నిర్ణయానికి పనికివస్తుందని పైన చెప్పాము. రెండోది సార్వత్రిక విద్య. 1989లో స్థాపించిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, ఎన్‌ఐఓఎస్, మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన ఎ, బి, సి స్థాయిల ప్రాథమిక విద్యను నడుపుతోంది. పద్నాలుగేళ్ళు నిండితే పదో తరగతికి నమోదు కావచ్చు. అయిదు విషయాలు, అయిదేళ్ళ గడువు. ఒకేసారి అన్నీ రాయనవసరం లేదు. ఉర్దూ, అరబీ భాషలను కూడా పరీక్ష విషయాలుగా ఎంచుకోవచ్చు. హాఫిజ్ అయిన బిడ్డకు అదొక వెసులుబాటు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు తమ తమ సార్వత్రిక విద్యాపీఠాలు ఉన్నాయి. ఆపైన హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో మదరసా విద్యార్థులకు బ్రిడ్జి కోర్సు ఉంది. దారులు లేవని కాదు. ఆ దారి మొదట్లో బిడ్డ ఏ స్థాయిలో ఉన్నాడో తెలియక తొందరపడి పరీక్షకు కూర్చోబెట్టి, తప్పితే "వీడికి చదువు అబ్బదు" అని తేల్చేస్తున్నాము. ఇంటి పుస్తకం ఆ తొందరపాటును ఆపగలదు.

పట్టా విలువ ఏమిటో ఉత్తరప్రదేశ్ ఉదంతం చెబుతుంది. 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు ఆ రాష్ట్ర మదరసా విద్యా చట్టాన్ని నిలబెట్టింది. ప్రమాణాలను నియంత్రించే అధికారం రాష్ట్రానికి ఉందంటూనే, మదరసాలను మూసివేసే వాదనను తోసిపుచ్చింది. మనం పండుగ చేసుకున్నాము. అదే తీర్పులో కామిల్, ఫాజిల్ డిగ్రీలు మాత్రం యూజీసీ చట్టానికి విరుద్ధమని నిలువలేదు. సంస్థ గెలిచింది, ఏళ్ళ తరబడి చదివిన విద్యార్థుల చేతి కాగితం వీగిపోయింది. మన ప్రాంతపు సంస్థలకు ఆ చట్టం వర్తించదు. అయినా ఏ కాగితం ఎక్కడ చెల్లుతుందో చేరేముందే విచారించుకోవాలన్న హెచ్చరిక మనకూ వర్తిస్తుంది.

రికార్డు అంటేనే మనవారిలో ఒక భయం ఉంది. దాన్ని తేలికగా తీసిపారేయలేము. అస్సాంలో ప్రభుత్వ మదరసాలను సాధారణ బడులుగా మార్చారు. 2022లో ఉత్తరప్రదేశ్ గుర్తింపు లేని మదరసాల సర్వే జరిపింది. 2023 మేలో బీహార్ నుంచి మహారాష్ట్ర మదరసాలకు వెళ్తున్న 59 మంది పిల్లలను భుసావల్, మన్మాడ్ స్టేషన్లలో రైలు దింపి, వెంట ఉన్న అయిదుగురిపై బాలల అక్రమ రవాణా కేసు పెట్టారు. మరుసటి ఏడు రైల్వే పోలీసులే ఆ కేసును మూసివేశారు. ఇవన్నీ చూసినవారు "రాసి పెట్టుకున్నది రేపు మన మీదకే తెస్తారు" అంటే ఏమని జవాబు చెప్పాలి? మా జవాబు ఇది. ఆ రైలులో పిల్లలను కాపాడగలిగినవి తల్లిదండ్రుల సమ్మతి పత్రం, చేరబోయే సంస్థ పత్రం, బిడ్డ చదువు వివరం వంటివే. అవి ఉన్నా వేధించాలనుకున్నవాడు వేధించవచ్చు. లేనప్పుడు మాత్రం వాడికి పని సులువవుతుంది. పైగా మేము చెబుతున్న పుస్తకం ఏ కార్యాలయానికీ పంపేది కాదు. బిడ్డ పెట్టెలో ఉంటుంది. ఎప్పుడు, ఎవరికి చూపాలో తల్లిదండ్రులే నిర్ణయించుకుంటారు.

ఆడపిల్లల విషయంలో మరింత నిక్కచ్చిగా మాట్లాడవలసి ఉంది. 2022లో కర్ణాటక ప్రభుత్వ ఉత్తర్వు హిజాబ్ ధరించిన విద్యార్థినులను తరగతి గుమ్మం బయట నిలబెట్టింది. హైకోర్టు మార్చి 15న ఆ ఉత్తర్వును సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టు ధర్మాసనం చీలిపోయింది. ఆ నడిమి కాలంలో చదువు ఆగిపోయిన అమ్మాయిలకు ఇంటి చదువే దిక్కయింది. అది ప్రభుత్వం చేసిన అన్యాయం. కానీ ఏ ఉత్తర్వూ లేనిచోట, బడి రెండు వీధుల అవతల ఉన్నా, "ఇంట్లోనే చదువుకుంటోంది" అని బంధువులకు చెప్పి కూతురికి వంటింటి పని అప్పగించిన ఇళ్ళు మనకు తెలియవా? విద్యాహక్కు చట్టం 10వ సెక్షన్ బిడ్డను బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అంటోంది. ఇంటి చదువును మేము బడికి బదులుగా సిఫారసు చేయడం లేదు. తప్పనిసరై బడి ఆగినచోట, తిరిగి వెళ్ళేదాకా కట్టిన వంతెనగానే చూస్తున్నాము. నోటుబుక్కు ఇక్కడ మరో పని కూడా చేస్తుంది. ఆరు నెలలు పుటలు ఖాళీగా ఉంటే ఆ ఇంట్లో చదువు లేదని అర్థం. ఆ ఖాళీ పుటలు ముందుగా చూడవలసినవాడు తండ్రి.

మైనారిటీ హక్కుల సంఘాలకు కూడా ఒక మాట. స్కాలర్‌షిప్పుల కోసం మనం చేసిన ఆందోళనలు సబబైనవే. 2022లో కేంద్రం ప్రీమెట్రిక్ ఉపకారవేతనాన్ని ఎనిమిదో తరగతి వరకు తొలగించి 9, 10 తరగతులకు పరిమితం చేసింది. ఆ పథకానికి గత తరగతిలో 50 శాతం మార్కులు చూపాలి. చూపడానికి గత తరగతే లేని బిడ్డ ఆ ఆందోళనలో ఎక్కడా లెక్కకు రాలేదు. ఇకనైనా మండల విద్యాధికారులకు ఇచ్చే వినతిపత్రంలో 4వ సెక్షన్ ప్రత్యేక శిక్షణ ఈ మండలంలో ఎక్కడ జరుగుతోంది, ఎందరికి ఇచ్చారు అని అడగాలి. ఇంటి పుస్తకాన్ని, మదరసా వార్షిక పత్రాన్ని తరగతి నిర్ణయంలో పరిశీలించాలని లిఖితపూర్వక ఆదేశం కోరాలి. ముస్లిం జనాభా ఉన్న వాడల్లోని ఉర్దూ పాఠశాలలకు సార్వత్రిక విద్య అధ్యయన కేంద్రాలు ఇప్పించాలి. మదరసా కమిటీలతో మాట్లాడటం కూడా సంఘాల పనే. బయటివారి కంటే మన మాట వారు వింటారు.

మెకానిక్ షాపుకు వెళ్తున్న అబ్బాయి విషయం చెప్పి ముగిస్తాము. వచ్చే ఏడు అతనికి పద్నాలుగు నిండుతాయి. తిరిగి బడికి వెళ్ళనంటున్నాడు, బలవంతం చేయవద్దని వాళ్ళమ్మ కోరింది. సార్వత్రిక పదో తరగతికి సిద్ధం కావడానికి మాత్రం ఒప్పుకున్నాడు. ఆ తల్లి పలకను అటక మీద పెట్టేసి, తొమ్మిదేళ్ళ కూతురి కోసం ఒక లాంగ్ నోటుబుక్ కొన్నది. షాపుకు శుక్రవారం సెలవు. జుమా నమాజు తర్వాత చెల్లెలి పక్కన కూర్చుని, అదే పుస్తకాన్ని వెనకవైపు నుంచి తిప్పి అన్న రాస్తున్నాడు. మొన్న మేము వెళ్ళినప్పుడు చూసిన చివరి పుటలో తేదీ కింద తల్లి చేతిరాతతో ఇలా ఉంది: భిన్నాల కూడిక, ఆరు లెక్కలు, నాలుగు సరి. మూడోది, అయిదోది మళ్ళీ చేయాలి.